పరీక్షకు ఎవరూ లేవలేదు

నేను నర్సుని. సబ్బవరం దగ్గర కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టడానికి కొండల నుంచి దిగివచ్చిన గిరిజన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉండేవి. అక్కడి ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి చెప్పి, పరీక్షలు చేసి రమ్మని నన్ను పంపారు.

రోడ్డు పక్కనే షామియానా వేశారు. ఆడవాళ్ళను పోగుచేసే పని మేస్త్రీకి అప్పజెప్పారు. అతను పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టి, తనూ అక్కడే నిలబడ్డాడు. నేను గర్భసంచి బొమ్మ చూపించగానే తలలన్నీ వాలిపోయాయి. వాళ్ళు ఇళ్ళలో మాట్లాడుకునేది కువి భాష. నేను చదివి వినిపించింది పుస్తకాల తెలుగు. ముఖద్వారం అనగానే ఒకావిడ తన ముఖం తడుముకుంది. పరీక్ష బల్లకు అడ్డంగా కట్టిన పాత చీర గాలికి ఎగురుతోంది. పరీక్షకు ఎవరూ లేవలేదు.

కరపత్రాలన్నీ పంచారు కదా, చాలు అన్నాడు మా పై అధికారి. కువి వచ్చిన ఆడమనిషిని తోడివ్వమంటే, ఈ రోజుల్లో తెలుగు రానివాళ్ళెవరమ్మా అని ఫైలు మూసేశాడు. బస్సులో ఇంటికి వస్తుంటే దవడలు నొప్పెట్టాయి. అంతసేపూ పళ్ళు బిగబట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది.

తర్వాతి వారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ షెడ్లలో కాన్పులు చేసే పెద్దావిడ నన్ను గుర్తుపట్టి లోపలికి పిలిచింది.

“మగోడిని నిలబెట్టి అలాంటివి సెప్తే ఎవులింటారమ్మా? ఏటి సేత్తావో ముందు నాకు సెప్పు.”

చెప్పాను. మొగుడితో కలిసిన తర్వాత రక్తం కనబడినా, ముట్లు ఆగిపోయాక మళ్ళీ కనబడినా ఆలస్యం చెయ్యొద్దని, ఏ బాధా లేకపోయినా గర్భసంచి మూతి దగ్గర తేడా మొదలై ఉండొచ్చని, పుల్లటి మందు అద్ది కాసేపు చూస్తే తేడా ఉన్నచోట తెల్లబడుతుందని, అప్పుడే వైద్యం చేస్తే క్యాన్సర్ దాకా పోదని. ఆమె అంతా విని తలుపు వేసింది.

“ముందు నన్ను సూడు. నొప్పెడితే అందరికీ సెప్పేత్తాను.”

ఆమెకు ఏమీ లేదు. బయటికి వెళ్ళి కువిలో ఏదో చెప్పింది, మధ్యలో అందరూ నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నెల రోజుల శిక్షణలో నేను నేర్చుకోనిది ఆమె పది నిమిషాల్లో చేసేసింది. ఆ రోజు తొమ్మిదిమంది పరీక్ష చేయించుకున్నారు.

వాళ్ళలో ఒకామెకు తెల్ల మచ్చ కనబడింది. ముగ్గురు పిల్లల తల్లి. నగరంలోని పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరు, చుట్టూ విద్యార్థులుండగానే, ఎప్పుడైనా శుభ్రంగా ఉన్నావా అని అడిగాడు. ఆమె బల్ల దిగి, చీర సర్దుకుని బయటికి నడిచింది. బస్టాపు దాకా వెంటబడ్డాను. కోపం అతని మీద, అరిచింది మాత్రం ఆమె మీద. దానికి నేనిప్పటికీ సిగ్గుపడతాను.

“నాను రానమ్మా” అని మాత్రం అంది.

మళ్ళీ ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఈసారి పెద్దావిడ తోడొచ్చి చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది. డాక్టరమ్మ ఆ మచ్చను కాల్చేసింది. పది నిమిషాల పని. ఏడాదికి మళ్ళీ చూపించుకోవాలంది.

ఏడాది తిరిగేసరికి ఇళ్ళు పూర్తయ్యాయి, షెడ్లు పీకేశారు. వాళ్ళంతా అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీ పనులకు వెళ్ళారని తెలిసి, సెలవు రోజున నాలుగు చోట్ల వెతికితే పెద్దావిడ కనబడింది. మచ్చ కాల్పించుకున్నామె చోళ్ళ విత్తనాలు జల్లడానికి కొండకెళ్ళిందట, బాగానే ఉందట, రాగానే తీసుకొస్తానంది. తర్వాత షెడ్ల వరుస చూపించింది.

“ఇక్కడా సానామంది ఉన్నాం. ఎప్పుడొత్తావు?”

ఇది నా పరిధి కాదని చెప్పాను.

“పరిధంటే ఏటమ్మా?”

కువిలోనే కాదు, నాకొచ్చిన తెలుగులో కూడా ఆమెకు దానర్థం చెప్పలేకపోయాను. ఆ షెడ్లకూ నన్ను పంపమని మర్నాడు ఆఫీసులో ఇంకో అర్జీ ఇచ్చాను. ఇంతవరకూ జవాబు లేదు.