దేగ్ దించే అదను

మా ప్రొద్దుటూరు పెళ్లిళ్లలో బిర్యానీ తిన్నవాళ్లంతా వంటమనిషిని పొగుడుతారు. కట్టెలు ఎవడిచ్చాడని ఒక్కడూ అడగడు. నా పేరు పాలయ్య, నాది జమ్మలమడుగు రోడ్డులో కట్టెల అడితి. వంటమేస్త్రి సర్దార్‌కు కట్టెలు తోలేది నేనే, వాళ్ల నాయన బతికున్న రోజుల నుంచీ. కాబట్టి సర్దార్ గురించి చెప్పే హక్కు నాకుంది. వద్దన్నా చెబుతాను.

సర్దార్ పని తీరే వేరు. దేగ్ అంటే మెడ సన్నంగా, పొట్ట పెద్దగా ఉండే రాగి పాత్ర. అందులో మాంసం, బియ్యం సర్ది, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, కింద మంట లాగేసి నిప్పులు మాత్రం ఉంచి, మూత మీద కూడా నిప్పులు పోస్తాడు. దాన్ని దమ్ పెట్టడం అంటారు. అక్కణ్ణుంచి పక్కనే పీట వేసుకుని కూర్చుంటాడు. గడియారం చూడడు, పలకరిస్తే పలకడు. అంతా ముక్కుతోనే. ఉన్నట్టుండి లేచి "దించండప్పా" అంటే దించాల్సిందే. ఒక్క గింజ అడుగంటదు, ఒక్క ముక్క పచ్చిగా ఉండదు.

మూత తీశాక మొదటి పళ్లెం కట్టెలిచ్చినవాడికి పెట్టడం వాళ్ల నాయన పెట్టిన ఆనవాయితీ. నిప్పు ఎవడిదో వాడు తిని సరే అంటేనే పంక్తికి పోవాలి. పెళ్లికొడుకైనా నా తర్వాతే! చర్చి పండగల్లో కూడా నాకింత మర్యాద జరగదు.

ఆ ముక్కు మీద ఉన్న నమ్మకమే వాడి కొంప ముంచింది.

సర్దార్ నమాజు తప్పని మనిషి. మట్కా నంబర్లు రాసేవాళ్లను గడప తొక్కనిచ్చేవాడు కాదు. క్రికెట్ పందేల మాటెత్తితే చెవులు మూసుకునేవాడు. అలాంటివాడి దగ్గరికి అన్సర్ వచ్చాడు. అన్సర్‌ది సెల్‌ఫోన్ల కొట్టు. ఏదో బయటి దేశపు కంపెనీకి మనుషుల్ని చేర్పిస్తే వాడికి కమీషన్. ఆ కంపెనీది ఫోన్‌లో ఆడే ఒక విమానం ఆట. విమానం పైకి లేచేకొద్దీ మనం పెట్టిన దుడ్లు పెరుగుతాయి. అది మాయమయ్యేలోగా నొక్కేస్తే మనవి. ఒక్క రవ్వ ఆలస్యమైందా, అంతా గాలికి పోయినట్టే.

"ఇది జూదం కాదు సర్దార్ భాయ్, అదను తెలిసినోని ఆట. దేగ్ దించే అదను నీకన్నా ఎవనికి తెలుసు?" అన్నాడట అన్సర్.

ఇంకెవడైనా ఆ మాటకు నవ్వి పోయేవాడు. మావాడు వంటవాడు కాబట్టి పడిపోయాడు. మొదట్లో నాలుగు దుడ్లు వచ్చాయి కూడా. "చూసినావా మామా, ఫోన్‌ను గూడ వాసన పట్టినా" అని నా అడితికి వచ్చి గొప్పలు పోయాడు.

"ఒరే, ఆ విమానం తోలేది వాళ్లు. దించేది నువ్వా?" అన్నాను. నా మాట ఎవడు వింటాడు! తర్వాత వాళ్ల నాయన ఇచ్చిపోయిన దేగ్‌లు కళాయి పోయించడానికని బండెక్కాయి. మళ్లీ ఇంటికి రాలేదు, ఆ ఆటకే పోయాయి. అతని భార్య దిల్షాద్‌బీ అడిగితే రేపంటాడు, ఎల్లుండంటాడు. చివరికి బాడుగ దేగ్‌లతో వంటకు పోయే గతి పట్టింది.

మన రాష్ట్రంలో ఈ ఆటల్ని ఎప్పుడో నిషేధించారు. నిషేధిస్తే ఏం? కంపెనీ కూర్చునేది సముద్రం అవతల ఏదో దీవిలో. ఒక పేరు మూయిస్తే తెల్లారేసరికి ఇంకో పేరుతో లింకు దిగుతుంది. ఇక్కడివాడు కట్టిన దుడ్లు ముక్కూ మొహం తెలియని ఏ కూలివాడి పేరుతోనో తెరిచిన బ్యాంకు ఖాతాలో పడతాయి. ఫిర్యాదు చేస్తే దొరికేది ఆ కూలివాడే. నాకు కడుపు మండేది అక్కడే.

జమ్మలమడుగులో ఒక పెళ్లిలో అంతా బయటపడింది. దేగ్ దమ్ మీద ఉంది, సర్దార్ పీట మీద ఉన్నాడు, చేతిలో ఫోన్ ఉంది. కట్టెల బండి దగ్గర కూర్చున్న నాకు మాడు వాసన కొట్టింది గానీ దేగ్ పక్కనే ఉన్నవాడికి కొట్టలేదు. నేను కేకలేశాక దించారు. మూత తీస్తే అడుగంతా బొగ్గు, పైనంతా పొగ కంపు. అయినా ఆనవాయితీ ప్రకారం మొదటి పళ్లెం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఊసేశాను.

"ఇది నా నిప్పు చేసిన పని గాదు. ఇంగ నీ చేతి పళ్లెం నేను ముట్టను, పో!" అన్నాను, పెళ్లివాళ్లందరి ముందే. అనకూడదా? అలాంటి వంటకు ఇప్పుడైనా అంటాను. పెళ్లివాళ్లు హోటళ్ల వెంట పరుగులు తీశారు. ఆ తర్వాత వాణ్ణి వంటకు పిలిచినవాడు లేడు.

దిల్షాద్‌బీ పుట్టింటికి పోతుందని వీధంతా అనుకుంది. ఆమె నేరుగా నా అడితికి వచ్చింది.

"అన్నా, కట్టెలు తోలు. ఇంగమీద దేగ్ నేను పెడతా" అంది.

"నువ్వా? ఆడమనిషివి, అంత పెద్ద దేగ్..."

"ఇన్నేండ్లూ మసాలా నూరింది ఎవరనుకుంటాండావు? మీ సర్దారా?"

నోరు మూసుకుని కట్టెలు తోలాను. ముందు చిన్న చిన్న విందులు. వీరపునాయునిపల్లెలో మా చర్చివాళ్ల విందు నేనే ఇప్పించాను. సర్దార్ ఆమె కింద పనివాడు. ఉల్లిగడ్డలు తరగాలి, మంట ఎగదోయాలి. చేతిలో బటన్ల ఫోన్. దమ్ పెట్టగానే దేగ్ దగ్గర ఉండకూడదు, దూరంగా పోయి కూర్చోవాలి. అది దిల్షాద్‌బీ పెట్టిన షరతు. ఆమె గడియారం తెచ్చుకుని, ముల్లు చూసి దించేది. వంట బాగానే ఉండేది, అబద్ధమెందుకు. కానీ సర్దార్ చేతి బిర్యానీ కాదు.

వాడు ఎదురు చెప్పలేదు. అప్పుడప్పుడు మాత్రం ఉత్త జేబును తడుముకునేవాడు. "ఇంగా గుర్తొస్తాదిరా?" అని ఒకసారి అడిగాను.

"వస్తాది మామా. దుడ్లు గాదు, ఆ పైకి పోయేది గుర్తొస్తాది. కడుపులో ఏందో లేచినట్లుంటాది" అన్నాడు. పాపం అనిపించింది. పైకి మాత్రం "గమ్మున ఉల్లిగడ్డలు తరుగు" అన్నాను.

తర్వాత ఢిల్లీ నుంచి కూడా చట్టం వచ్చింది, దుడ్లు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతా బంద్ అని. పేపరు తీసుకుపోయి చూపిస్తే సర్దార్ చదివి మడిచి ఇచ్చాడు. "మంచిదే మామా. కానీ అన్సర్‌కు ఆ కంపెనీవాళ్లు కొత్త లింకు పంపకుండా ఉండరు" అన్నాడు.

మొన్న పులివెందులలో నిఖత్ పెళ్లి. నిఖత్ అంటే దిల్షాద్‌బీ చెల్లెలి కూతురు. అయినవాళ్లంతా అక్కడే, కాబట్టి వంట చెడితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. దమ్ పెట్టాక పెళ్లికూతురి పెద్దమ్మ ఫోటోలో ఉండాల్సిందేనని దిల్షాద్‌బీని లోపలికి లాక్కుపోయారు. పోతూ పోతూ గడియారం నా చేతిలో పెట్టింది.

"అన్నా, పెద్ద ముల్లు కిందికి దిగినాక నన్ను పిలువు. అంతదాకా ఎవరినీ ముట్టనీవద్దు."

సర్దార్ అలవాటు ప్రకారం దూరంగా గోడవార కూర్చున్నాడు. చుట్టాల్లోంచి ఊడిపడ్డాడు అన్సర్. వెళ్లి సర్దార్ పక్కనే చతికిలపడి ఫోన్ తీశాడు.

"భాయ్, పాతది మూసేసినారు. ఇది కొత్త పేరు, ఎవరికీ అందదు. నీ పేరు మింద కంపెనీవాళ్లే దుడ్లు ఏసినారు, నీది పైసా పోదు. ఊరికే ఒక్కసారి నొక్కు. ఆ దేగ్‌లు తిరిగి తెచ్చుకోవద్దా?"

ఫోన్‌లో విమానం లేచింది. సర్దార్ చూశాడు. చూడలేదని చెప్పను, కళ్లప్పగించి చూశాడు. వేలు కూడా కదిలింది. నా ఒళ్లు మండిపోయి తుమ్మ కట్టె ఒకటి చేతికి తీసుకున్నాను. ఎవరి వీపు మీద వేయాలో తేల్చుకోలేదు.

అంతలో సర్దార్ తల ఎత్తాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"దించాల" అన్నాడు.

"ముల్లు ఇంగా దిగలేదురా" అన్నాను.

వాడు నన్ను పట్టించుకోలేదు. అన్సర్ చేతిని మెల్లగా పక్కకు నెట్టాడు. "అన్సరూ, నీ ఆటకు వాసన లేదప్పా. యాడ మాడతాందో నాకెట్ల తెలిసేది?" అని లేచాడు.

దేగ్ దాకా వచ్చాడు గానీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి వినపడేలా "దిల్షాదూ!" అని కేకేశాడు. ఆమె పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మామ తెచ్చిన కట్టె శానా ఎండింది. సెగ ఎక్కువైంది. ఇప్పుడే దించాల" అన్నాడు.

దిల్షాద్‌బీ నా చేతిలో గడియారం చూసింది. ముల్లు ఇంకా పైనే ఉంది. వాడి మాట తప్పయితే నిఖత్ పెళ్లిలో పచ్చిమాంసం వడ్డించాలి. వాడి మొహంలోకి చూసింది.

ఆమె చాకు తీసి వాడి చేతిలో పెట్టింది. "నువ్వే తెరువు" అంది.

దేగ్ దించారు. సర్దార్ మూత చుట్టూ ఉన్న పిండిని కోసి మూత ఎత్తాడు. ఆవిరితో పాటు వాళ్ల నాయన కాలం వాసన వచ్చింది. గరిటె అడుగుదాకా దింపి తీశాడు. గింజ గింజా విడివిడిగా, తెల్లగా ఉంది. దిల్షాద్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పొగ అంది. పొగ ఎక్కడా లేదు.

సర్దార్ పళ్లెంలో వడ్డించుకుని నా దగ్గరికొచ్చాడు. రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. చేయి చాపలేదు.

"ఏందిరా నిలబడినావు? చల్లారుతాంది!" అని పళ్లెం లాక్కున్నాను. నోరు కాలింది, నాలుక కాలింది, ఆగలేదు. "పంక్తికి పంపండప్పా" అని అరిచాను. జీవితంలో నేను మాట తప్పింది ఆ ఒక్కసారే. వాడి చేతి పళ్లెం ముట్టనన్నవాణ్ణి, పెళ్లికొడుకు కంటే ముందు రెండోసారి పెట్టించుకుని తిన్నాను.