చెవుల్లేని రాక్షసుడు

నిన్న ప్రొద్దుటూరు నుంచి మనవరాలు ఫోన్ చేసి హోంవర్క్ చదివి వినిపించింది. 'భయంకరమైన రాక్షసుణ్ణి వర్ణించండి' అంట. ఎర్రటి కండ్లు, పొడుగాటి కోరలు, నల్లటి ఒళ్లు. "ఎట్లుంది జేజీ?" అనింది. "నాకు నిద్రొస్తాంది" అన్నా. అలిగి ఫోన్ పెట్టేసింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ తెలుగు చెప్పినదాన్ని, ఉత్త పొగడ్తలు నా నోటికి రావు, ఏం చేసేది!

జమ్మలమడుగు బడిలో ఉన్నప్పుడు ఐదో తరగతికి నేనూ ఇదే పాఠం చెప్పినా. అందరూ ఇవే కోరలు, ఇవే కండ్లు రాసుకొచ్చినారు. ఒక పాప మాత్రం ఏమీ రాయలేదు. అసలు బడికి వస్తే కదా రాసేది! బడికొచ్చే సందులో ఎవరో ఇల్లు కడతాండారు. దాని ముందర దిష్టిబొమ్మ నిలబెట్టినారు: గడ్డి కుక్కిన పాత ప్యాంటు, చొక్కా, తలకాయకు సున్నం పూసిన కుండ, మసితో గీసిన మొహం, ఎర్రగుడ్డ నాలుక. దాన్ని చూస్తానే పాప వెనక్కి తిరిగి ఇంటికి ఉరికేది. బడికి ఇంకో దోవ లేదు. ఒకరోజు వాళ్లవ్వ వచ్చి, "బెదురుకోని జరం తెచ్చుకుంటాంది మేడం. పేరు కొట్టేయండి, నాతో పాటు శెనక్కాయ చేలోకి వస్తాది" అని తేల్చేసింది. నాకు ఒళ్లు మండింది. అంత చురుకైన పిల్లను చేలోకి తోలుతుందంట!

రోజులు గడిస్తే భయం అదే పోతుందని, కొన్నాళ్లు ఆగమని ఆమెను బతిమాలుకున్నా. పొద్దున్నే పాపను చెయ్యి పట్టుకోని ఆ బొమ్మ దగ్గరికి పిల్చుకపోయినా. "భయంగా ఉందని రాయద్దు. ఏముందో అదే రాయి. రోజుకొకటి చాలు" అన్నా. మొదట నా కొంగు చాటు నుంచి చూసి ప్యాంటు రంగు చెప్పింది. మర్నాడు చొక్కాకు గుండీ లేదనింది. ఆ తర్వాత కొంగు వదిలేసి, బొమ్మ చుట్టూ తిరిగి, "మేడం! దీనికి చెవుల్లేవు. మనం అరిసినా ఇనపడదు, పాపం!" అనింది. పనిచేసే మేస్త్రీ కూడా తాపీ కింద పెట్టి నవ్వినాడు.

ఇంక నా చెయ్యి అక్కర్లేకుండానే వచ్చేసేది. వాళ్లవ్వ మళ్లీ శెనక్కాయ ఊసెత్తలేదు. 'దానికి మన మాట వినపడదు, అందుకే మన మొహాల్లోకి అంత గట్టిగా చూస్తుంది' అని రాసింది పాప. చదివితే నాకే దడ పుట్టింది.

గృహప్రవేశం నాడు బొమ్మను పీకేసినారు. పాప బడికి ఏడ్చుకుంటా వచ్చింది.

"దాన్ని యాడ పారేసినారో మేడం! ఇంగ ఆ సందులో నేను ఒక్కదాన్నే రావాల్నా?"

ఆ పిల్ల కండ్లు తుడిచినా. రోజులు గడిస్తే భయం పోతుందని నేనే చెప్పినా గానీ, పోతాపోతా అది ఒక తోడును కూడా తీసుకపోతుందని నాకు మాత్రం ఏం తెలుసు?