కాలువ దగ్గరికి రావలసిన వీరుడు

మొన్న తిరుపతిలో మనవరాలితో కలిసి ఒక సూపర్‌హీరో సినిమా చూశాను. నగరం కూలిపోతుంటే జనమంతా కదలకుండా ఆకాశంకేసి చూస్తున్నారు. చిన్ననాటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది.

పుత్తూరు టూరింగ్ టాకీసులో ముసుగు వీరుడి సినిమా చూసిన మరునాడే, మా ఊరి పెద్దాయన మనుషులు నీళ్లన్నీ ఆయన పొలాలకే మళ్లేలా కాలువకు అడ్డకట్ట వేశారు. మా వరి పొట్టకొచ్చి ఉంది. నీళ్లు అందకపోతే గింజ ఉండదు. నాయన పార అందుకున్నాడు. నేను కాళ్లకు అడ్డం పడ్డాను.

“నువ్వు పోవద్దు నాయనా. ముసుగాయన గుర్రమెక్కి వస్తాడు.”

“వచ్చి?”

“అందర్నీ కొట్టి కట్ట తెంచుతాడు.”

“ఆ సినిమాలో మనట్లాంటోళ్లు యాడుండారో సూసినావా?”

ఆలోచించి చెప్పాను. “ఆఖర్న. కొత్తరాజుకు దండం పెడతా ఉండారు.”

“దండం పెట్టేదానికి మనం కావల్ల, కట్ట తెంచేదానికి వద్దారా? లెయ్, మునెప్ప మామను పిల్సుకోని రాపో.”

మునెప్ప మామతోపాటు ఆ కాలువ కింద మడి ఉన్నవాళ్లంతా పారలతో వచ్చారు. అంతమందిని చూసి కట్టకు కాపలా ఉన్న పెద్దాయన మనుషులు పక్కకు తప్పుకున్నారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. కట్ట తెగింది.

ఒక్కడు కాపాడతాడు, మిగిలినవాళ్లు చూస్తూ ఉంటే చాలు అని నమ్మించడం కూడా రాజకీయమేనని పెద్దయ్యాక గానీ నాకు తోచలేదు. ఆ రోజు మాత్రం మా మడిలోకి నీళ్లు పారుతుంటే, గట్టుమీద కూర్చుని వీరుడు రాలేదని ఏడ్చాను.