కాపీ హక్కు మీద గంగప్ప సారు అభిప్రాయం

జిరాక్సు మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే ఇప్పటికీ నా గుండె జల్లుమంటుంది. నేనొకప్పుడు దొంగను మరి. దొంగిలించింది మదనపల్లెలో నాకు అర్థశాస్త్రం చెప్పిన గంగప్ప సారు పుస్తకాన్ని.

ఎనభైల మొదట్లో కుప్పంలో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడి పిల్లలకు పుస్తకం కొనే తాహతు లేదు. సారు పుస్తకమంతా స్టెన్సిళ్ల మీద టైపు కొట్టించి, సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీసి పంచేశాను. ఒక స్టెన్సిల్ మిగులుతుందని మొదటి పేజీ వదిలేశాను. ఆయన పేరున్నది ఆ పేజీలోనే. నా తెలివి తెల్లారినట్టే ఉండేది!

ఒకరోజు సారు పుంగనూరు మీదుగా బస్సులో కుప్పం వచ్చేశారు. కాపీ హక్కు చట్టం మార్చడానికి వేసిన కమిటీ ఏదో అర్థశాస్త్ర అధ్యాపకుల అభిప్రాయం అడిగిందట. ఆ మాట చెబుతూనే, ఆయనకెలా చేరిందో ఏమో, సంచిలోంచి మా కాపీ తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఒక్క ఫిర్యాదు రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే.

సారు ఫిర్యాదు మాటే ఎత్తలేదు. కాపీ లేకపోతే ఈ పిల్లల్లో ఎవరెవరు పుస్తకం కొనేవాళ్లో కనుక్కొని రాయమన్నారు. వారం రోజులు ఒక్కొక్కరినీ అడిగాను. కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతావాళ్లు పుస్తకం లేకుండానే పరీక్షకు పోయేవాళ్లు. ఆ కాగితాలు తీసుకొని మదనపల్లె పోయాను.

సారు అన్నీ చదివి కాగితాలు పక్కన పెట్టారు. "సూడప్పా, లేనోడు కాపీ తీసుకుంటే నాకు పోయేదేం లేదు. కొనగలిగినోడు గూడా మానేస్తే రెండోసారి అచ్చేసేవాడుండడు. ఈ రెండూ తూకమేసి చెప్పడమే మన పని," అన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "మీ కాపీలో పుస్తకమంతా ఉండాది. నా పేరు యాల తీసేసినావు?"

స్టెన్సిల్ మిగల్చడానికని చెప్పాను. చెబుతుంటేనే సిగ్గుతో చచ్చిపోయాను.

"పేరు పోయినదానికి మన శాస్త్రంలో లెక్క లేదప్పా," అన్నారు.

నెల తర్వాత ఆయన అభిప్రాయం టైపు ప్రతి ఒకటి నాకు పోస్టులో వచ్చింది. చదువుకోవడానికి పేదపిల్లలు తీసుకునే కాపీని నేరం చెయ్యొద్దనీ, దాంతో వ్యాపారం చేసేవాళ్లు మాత్రం రచయిత అనుమతి తీసుకోవాలనీ రాశారు. చివర్లో, వివరాలు సేకరించింది తన శిష్యుడంటూ నా పూర్తి పేరు, మా ఊరు పెద్దపంజాణితో సహా. ఆ కింద ఆయన సంతకం.

ఆ కాగితం పట్టుకొని ఏడ్చాను. కమిటీ ఆయన మాట విన్నదో లేదో నాకు తెలియదు. ఇప్పుడు నేనూ అలాంటి కమిటీలకు పత్రాలు రాస్తుంటాను. వివరాలు ఇచ్చినవాళ్ల పేర్లన్నీ రాశాకే నా సంతకం పెడతాను.