కొమ్ము మొలిచిన అమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మ నిద్రపోతుండగా నేను చూసింది చాలా తక్కువ. మేము నాగర్‌కర్నూల్లో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న బస్సు డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. నానమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. ఆమెను ఇటు నుంచి అటు తిప్పి పడుకోబెట్టడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, చెంచాతో జావ పట్టడం అన్నీ అమ్మ చేతుల మీదనే జరిగేవి. నానమ్మ మాట అమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే రాత్రి ఏ వేళ మూలిగినా అమ్మే లేవాలి. పగలు అమ్మ గోడ పట్టుకుని నడిచేది. అది అలసట అని ఇప్పుడు తెలుసు. అప్పుడు అమ్మ నడకే అంత అనుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచేదాన్ని. ముందు గదిలో ఆమెకు గాజుల దుకాణం. ఆదివారం మాత్రం ఆమె పేపరు కొనేది, అది కూడా వార్తల కోసం కాదు, వెనక పేజీలో వచ్చే గళ్ళ నుడికట్టు కోసం. బేరం వస్తే పెన్సిలు చెవి మీద పెట్టుకుని గాజులు తొడిగేది, బేరం పోగానే మళ్ళీ గళ్ళలోకి తల దూర్చేది.

ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున, జడ వెయ్యమని దువ్వెన పట్టుకుని అమ్మ వెనక తిరిగాను. అమ్మ నానమ్మ దుప్పట్లు ఉతుకుతోంది. రెండోసారి అడిగేసరికి తడి చేతులతోనే నా వైపు తిరిగింది.

"నీకు చెయ్యనీకెనే పుట్టిన్నా నేను? పో, ఎటన్న పో! నా కండ్ల ముందల ఉండకు!"

అమ్మ నన్ను ఎప్పుడూ అలా అనలేదు. నేను ఏడవలేదు. లోపలికి పోయి గుడ్డ సంచిలో రెండు గౌన్లు పెట్టుకున్నాను. తెలకపల్లిలో మా అమ్మమ్మ ఉంది, ఆమె దగ్గరికి పోయి మళ్ళీ రాకూడదు అనుకున్నాను. బస్టాండుకు పోవాలంటే ఖాలా దుకాణం ముందు నుంచే పోవాలి.

"ఎటు బేటీ, సంచి పట్టుకోని?" అంది ఖాలా.

"తెలకపల్లికి. మా అమ్మ పొమ్మన్నది."

ఖాలా నన్ను తిట్టలేదు, చెయ్యి పట్టుకుని ఆపలేదు. "మంచిది, పో. బస్సుకు ఇంక జర టైముంది. గీ గళ్ళు నాకు వస్తలేవు, చెప్పి పో," అని పీట జరిపింది. ఆమెకు రాకపోవడం అబద్ధమని చాలా ఏళ్ళకు గానీ నాకు తట్టలేదు.

మొదటి ఆధారం, 'తల తిరిగితే తీగ'. తల తిరిగితే మనిషి పడిపోతాడు గానీ తీగ ఎట్లా అవుతాడని అడిగాను. ఖాలా నా చేతికి పెన్సిలిచ్చి, తల అని రాసి వెనక నుంచి చదవమంది. లత అని వచ్చింది. రెండోది, 'పడగకు సున్న పెడితే ఇంటిల్లిపాదికీ సంబరం'. పాము పడగ గుర్తొచ్చి భయపడ్డాను. సున్న ఎక్కడ పెట్టాలో వెతికి వెతికి 'ప' పక్కన పెడితే పండగ అయింది. నేను కూర్చున్న చోటే ఎగిరాను. బస్సు సంగతి మరిచిపోయాను.

"చూసినవా? గిది రాసెటోడు అబద్ధం చెప్పడు. కాని సూటిగ చెప్పడు. పైపైన చదివితే పరేషాన్ అయితం. జర ఆగి మల్ల చదవాలె," అంది ఖాలా.

తరవాతిది ఆమే చదివింది. 'కొమ్ము మొలిచిన అమ్మ బాణమైంది.' నాకు నవ్వొచ్చింది. "మా అమ్మనే!" అన్నాను. ఖాలా నవ్వలేదు. బళ్ళో 'కు, ము, లు' రాసేటప్పుడు అక్షరానికి పెట్టే కొమ్ము గుర్తు చేసింది. 'మ్మ'కు కొమ్ము పెట్టాను. అమ్ము. అమ్ము అంటే బాణమని ఆమె చెప్పింది.

"కొమ్ము పైనుంచి వచ్చి అతుక్కున్నది బేటీ. కింద ఉన్నది అమ్మనే. మీ అమ్మ పొద్దున ఏమన్నదో మల్ల చెప్పు."

చెప్పాను. చెబుతుంటే అప్పుడు ఏడుపొచ్చింది.

"రాత్రి మీ అమ్మ పండుకున్నదా?"

తెల్వదన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆమె నిద్రపోతుండగా చూసిందే తక్కువ కదా.

ఖాలా దుకాణం తలుపు దగ్గరికేసి, పేపరు చంకలో పెట్టుకుని, నా సంచి తనే పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నన్ను గడప దగ్గర ఆపి లోపలికి పోయింది. "చెల్లె, నువ్వు జర పండుకో. అత్తమ్మను నేను చూస్త," అంది. అమ్మ వద్దక్కా, దుప్పట్లు ఆరెయ్యాలె అంటూనే ఉంది. "అవ్వి యాడికి పోతయ్? నేను ఆరేస్త," అని ఖాలా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అంతే, అమ్మ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. కూర్చున్నది పక్కకు ఒరిగింది. కొంగు సరి చేసుకోకుండానే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అరచేతులు నాని ముడతలు పడి ఉన్నాయి. నాకు భయం వేసింది, దగ్గరగా పోయి ఊపిరి వస్తోందా అని చూశాను.

ఖాలా దుప్పట్లు ఆరేసి వచ్చి, నానమ్మ పక్కన కూర్చుని జావ పట్టింది. నానమ్మ ఏదో అంటే నాకు అర్థం కాలేదు, ఖాలాకూ కాలేదు. అయినా ఆమె "అవునమ్మా, అవును," అంటూనే ఉంది. నేను మిగిలిన ఆధారాలు ఒక్కొక్కటే మెల్లగా చదివాను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు.

ఎండ వాలే వేళకు అమ్మ ఉలిక్కిపడి లేచింది. నేను ఆమె తల వెనకే ఉన్నాను, ఆమెకు కనబడలేదు.

"అక్కా, పిల్లేది? పిల్ల యాడికి పోయింది?"

ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.  ఖాలా నా వైపు చూసింది. నేను పోయి అమ్మ వీపుకు ఆనుకుని కూర్చున్నాను.

ఆ రోజు సంగతి అమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఖాలా మాత్రం అప్పటినుంచి ఆదివారమాదివారం పేపరు తీసుకుని మా ఇంటికే వచ్చేది. నానమ్మ పోయేదాకా వచ్చింది. మేమిద్దరం గళ్ళు నింపుతుంటే అమ్మ పక్కనే పడుకునేది.

ఇప్పుడు నేను వనపర్తిలో ఉంటున్నాను. మంచాన ఉన్నది మా ఆయన. రాత్రుళ్ళు లేవడం నా వంతయింది. ఒళ్ళు సహకరించడం లేదు. అలిసిపోయానన్న మాట కంటే ముందు కసురు వస్తుంది నోటికి. ఎదుటివాళ్ళు కసిరినప్పుడు మాత్రం నేను వెంటనే జవాబివ్వను. తిన్నావా, పడుకున్నావా అని అడుగుతాను. దవాఖానలో నా మీద కసిరిన నర్సునూ అట్లాగే అడిగాను. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు ఏదో చూపిస్తానని నా వెంట పడింది. పో అవతలికి అనబోయాను. మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆపుకుని, దాని పక్కన కూర్చున్నాను. మా అమ్మ చెప్పలేకపోయిన మాట సూటిగానే చెప్పాను. "నాకు నిద్ర లేదు తల్లీ. చాన అలిసిపోయిన. జర సేపు తాత దగ్గర కూసుంటవా?"

అది తల ఊపి, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. నేను చాప పరుచుకుని నిద్రపోయాను.