ఇంకా గంట ఉంది

అమెరికాలో మేముండే క్యారీ ఊరి ఆర్ట్స్ సెంటర్‌లో వచ్చే నెల మూడు సాయంత్రాలు కార్యక్రమాలున్నాయి: కవిత్వం, నాట్యం, సంగీతం. రెండో సాయంత్రం నాది. హాల్లో రెండు వేల కుర్చీలు. సరే, మూడు వందలు. నేను అప్పటికప్పుడు పద్యాలు చెప్పాలి, నా మనవరాలు అప్పటికప్పుడు వాటికి కూచిపూడి ఆడాలి. గుంపులో కాకుండా తనొక్కతే స్టేజి ఎక్కడం ఇదే మొదటిసారి.

శనివారం నాలుగింటికి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతా, ఇది బ్రోషర్‌లో వేసే నీ బయో. ఫైవ్‌కి లాక్ చేస్తారు. తర్వాత మార్చలేం."

వంద అష్టావధానాలు చేసిన అవధాని అని ఉంది. ఎనిమిది మంది ఎనిమిది వైపులా లాగుతుంటే, అందరికీ జవాబిస్తూ పద్యాలల్లి, చివరికి అన్నీ వరసగా అప్పజెప్పే మనిషినన్నమాట.

తప్పు నాదే. ఒక పుట్టినరోజు విందులో, ఈ కార్యక్రమాల ఏర్పాట్లు చూసుకునే ఆవిడ "అంకుల్, మీరు అవధానం చేశారటగా?" అంది. "చేశామమ్మా, వంద చేశాం" అన్నాను. ఆ 'చేశాం'లో బోలెడుమంది ఉన్నారు. ఆవిడకి నా పెద్దరికం మాత్రమే వినిపించింది.

"సబ్మిట్ కొట్టనా తాతా?"

"ఆగు తల్లీ. వంద కాదు."

"మరెన్ని?"

"నాలుగు."

"ఫోర్ కూడా కూల్" అంటూ మార్చింది.

నాలుగున్నర దాటింది. వచ్చే నెల ఈ పిల్ల గజ్జెలు కట్టుకుని, పద్యం కోసం నా నోటి వంక చూస్తూ నిలబడుతుంది. నా నోట్లోంచి ఏమీ రాదు.

"చేసింది నేను కాదమ్మా. అవధాని వేరే ఆయన. నేను ఆయన్ని ప్రశ్నలడిగే వాళ్లలో ఒకణ్ణి."

"ఏం అడిగేవాడివి?"

"అడగలేదు కూడా. గంట కొట్టేవాణ్ణి. ఆయన పద్యం చెబుతూనే ఎన్నిసార్లు కొట్టానో లెక్కపెట్టుకోవాలి."

"దీనికోసం గ్రూప్ డాన్స్ డ్రాప్ చేశా తాతా. ఫ్రెండ్స్ అందరికీ చెప్పా."

దాచింది ఇంకొకటుంది. అదీ కక్కేశాను. "ఆఖరిసారి లెక్క నేనే మర్చిపోయాను. ఆయన ముప్పై ఒకటన్నాడు. కరెక్టన్నాను. చప్పట్లే చప్పట్లు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇంకా గంట ఉంది తాతా."

"గంటెక్కడిది? పది నిమిషాలే."

"ఆ గంట కాదు. బెల్! నువ్వు కొట్టు. ఎప్పుడు కొడతావో నాకు చెప్పకు. కొట్టినప్పుడల్లా నేను జతి మార్చేస్తా. లాస్ట్‌లో ఎన్నిసార్లు కొట్టావో చెప్తా."

"చెప్పగలవా?"

"నీకేం డౌట్? నువ్వు కరెక్ట్‌గా కౌంట్ చెయ్, చాలు."

అవధాని అన్నది చెరిపేసి, గంట కొట్టేది తాత అని రాసింది. అయిదుకు రెండు నిమిషాలుండగా పంపింది. పూజ గదిలోంచి గంట తెచ్చి నా చేతికిచ్చి, గజ్జెల్లేకుండానే ఆట మొదలుపెట్టింది. ఎప్పుడు తోస్తే అప్పుడు కొట్టాను. ఎంత దొంగదెబ్బ తీసినా పాదం తడబడలేదు.

"ముందు నువ్వు చెప్పు, ఎన్ని?" అంది, రొప్పుతూ.

"పన్నెండు" అన్నాను గట్టిగా.

నా కళ్లలోకే చూస్తోంది.

"తెలీదమ్మా" అన్నాను. "మళ్లీ కొడతాను."