పాపిట్లో వడ్లగింజంత నలుపు

1955 వేసవి చివర్లో ఏలూరులోని ఒక నాటక సమాజంలో మేకప్‌మన్‌గా చేరాను. అప్పటికి ఈ వృత్తిలో నాకు ఆరేళ్ల అనుభవం. మీసాలు అంటించడం, విగ్గు కట్టడం కళ్లు మూసుకుని చేసేవాణ్ణి. అక్కడ అప్పగించిన పని మాత్రం కొత్తది. ఒక మనిషి జుట్టుకున్న బంగారు రంగును కాపాడటం.

మా నాటకంలో దొరసాని వేషం సత్యవతి గారిది. నేను చేరకముందు పెట్టిన జనపనార విగ్గు రెండో ప్రదర్శనలోనే ఊడి హార్మోనియం మీద పడింది. జనం పడీపడీ నవ్వారు. కార్యదర్శికి పౌరుషం వచ్చి, ఆవిణ్ణి మద్రాసు పంపి, అసలు దొరసానులు వెళ్లే సెలూన్లో సొంత జుట్టుకే రంగు వేయించాడు. వేయించడం ఒక పూట పని, నిలబెట్టడం నెలల తరబడి చాకిరీ. నూనె కూడదు. కుంకుడుకాయ అసలే కూడదు, రంగు లాగేస్తుంది. ఎండ తగలకుండా తలగుడ్డ ఉండాలి. కొల్లేటి పక్క బావుల్లో ఉప్పునీళ్లు గనుక వాననీళ్లు పట్టి ఉంచి, పది రోజులకొకసారి తలస్నానం చేయించాలి. మొదళ్లలో నల్లగా మొలిచే కొత్త వెంట్రుకలకు నేనే నలుపు పోగొట్టే పెరాక్సైడ్ మందులో నాలుగు చుక్కలు అమ్మోనియా కలిపి దూదితో అద్దేవాణ్ణి.

ఆవిడకు నాలుగేళ్ల కూతురు, పేరు చిట్టి. మండవల్లిలో అమ్మమ్మ దగ్గర ఉండేది. తాడేపల్లిగూడెం ప్రదర్శనకు మూడు రోజుల ముందు, పాపను చూసొస్తానని ఆవిడ వెళ్లారు. రంగు వేయించాక అదే మొదటిసారి. మర్నాడే నాకు కబురు: "మాస్టారు వెంటనే బయల్దేరి రావాలండి."

వెళ్లి చూస్తే ఆవిడ తల నాచుపట్టిన రేవుబల్లలా ఉంది. ఆ జుట్టు చూసి చిట్టి జడుసుకుని మంచం కిందికి దూరిందట. "మా అమ్మ కాదు" అని ఒకటే ఏడుపు. అన్నం కూడా ముట్టలేదు. చూడలేక అమ్మమ్మ గుంటగలగరాకు నూరి, నూనెలో కాచి, కూతురి తలకు పట్టించి, కుంకుడుకాయలతో రుద్ది తలంటు పోసింది. జుట్టు నల్లబడలేదు సరికదా, పచ్చబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరు చెప్పారండీ మీకు అని గట్టిగానే అడిగాను. "బిడ్డ తల్లి దగ్గరికి రావట్లేదు బాబూ, నన్నేం చేయమంటారు?" అంది ఆ పెద్దావిడ.

మామూలుగా మేము తలుపులు మూసుకుని పనిచేస్తాం. వేషం తయారవడం బయటివాళ్లు చూడకూడదని మా వృత్తిలో పట్టింపు. ఆ ఇంట్లో వెలుతురు చాలక అరుగు మీద పీట వేయించాను. శనగపిండి, నిమ్మరసంతో మూడుసార్లు కడిగితే పచ్చదనం చాలావరకు వదిలింది. తర్వాత మందు కలిపి, పాపిట తీశాను. మొదళ్లలో వడ్లగింజంత నలుపు కనబడింది.

గుమ్మం చాటునుంచి అంతా చూస్తున్న చిట్టి మెల్లగా దగ్గరికొచ్చి, అదేంటి నల్లగా ఉంది అని అడిగింది. అది మీ అమ్మ జుట్టే, పైదంతా మేం వేసిన రంగు అన్నాను. పిల్ల పాపిట వెంబడి వేలితో తడిమింది.

"అమ్మా, నువ్వు లోపలున్నావా?"

"ఉన్నానే తల్లీ" అన్నారు సత్యవతి గారు. చిట్టి ఒళ్లోకి ఎక్కేసింది, దిగితే ఒట్టు. కలిపిన మందు చెడిపోతుందని తెలిసీ నేను తొందర పెట్టలేదు. నా కళ్లు తడిశాయి. అమ్మోనియా ఘాటండీ అని అమ్మమ్మతో అన్నాను గానీ, అది అబద్ధం.

నలుపు తుడిచెయ్యొద్దని చిట్టి పట్టుబట్టింది. పాపిటకు మాత్రం కొత్తగా మందు కలిపి అద్ది, మెడపైన ముడి కింద మొదళ్లు అలాగే వదిలేశాను. తాడేపల్లిగూడెంలో ఎవరికీ కనబడలేదు. కార్యదర్శికి నేను చెప్పలేదు.

ఆ తర్వాత పాతికేళ్లు ఈ పని చేశాను. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లెవరికి రంగు వేయాల్సివచ్చినా ముందు ఆ పిల్లల్ని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, అప్పుడు డబ్బా మూత తీసేవాణ్ణి. అలా మొదటినుంచీ చూసిన పిల్లలెవరూ తల్లిని చూసి జడుసుకోలేదు.